తిప్పుడుబండికి తోవపరీక్ష

పటమట మలుపు దగ్గర ఒక ముసలాయన నడిరోడ్డు మీద నిలబడి పంచె సర్దుకుంటున్నాడు. అటు నుంచి పదకొండు, ఇటు నుంచి పద్నాలుగు పరుగుపెట్టెలు దూసుకొస్తున్నాయి. ఆయన తలెత్తి చూడలేదు. పరుగుపెట్టెలు ఆయనకు బారెడు దూరంలో రెండు పాయలుగా చీలి, ఆయన్ను దాటాక మళ్ళీ ఒక్కటైపోయాయి. ఆయన కుచ్చెళ్ళు తీరిగ్గా దోపుకుని తన దారిన తాను పోయాడు.

ఆ పద్నాలుగింటిలో ఒకదాంట్లో కూర్చున్న హైమ మాత్రం కుడికాలితో నేలను బలంగా తొక్కింది. అక్కడ తొక్కడానికి ఏమీ లేదు, మెత్తటి పట్టా తప్ప. ఎదుటి సీటులోని కాలేజీ పిల్ల ఆమె పాదం వంక జాలిగా చూసి, నొప్పా అని అడిగింది. తిమ్మిరి అని హైమ అబద్ధం చెప్పింది. నాలుగు నెలల నుంచీ ఆమెను పట్టుకున్న తిమ్మిరి అది. రోడ్డు మీద ఎవరు కనపడినా కాలు దానంతటదే బ్రేకును వెతుక్కుంటోంది. చుట్టూ ఉన్న వాళ్ళంతా కునుకు తీస్తున్న చోట తనొక్కతే ఇలా భయపడి చావడం ఆమెకు సిగ్గుగా కూడా ఉంది.

దారినాడి వచ్చి ముప్పై ఒక్క ఏళ్ళయింది. రోడ్డు కింద పరిచిన ఆ తీగల అల్లిక ఊళ్ళోని ప్రతి బండికీ మిగతా బళ్ళన్నీ ఎక్కడున్నాయో రెప్పపాటులో చెబుతుంది. ఇక మనుషులూ పశువులూ ఎదురైతే చూసుకోవడానికి ప్రతి పరుగుపెట్టె ముందూ ఒక కంటిపట్టీ ఉంటుంది. దానికి నిద్ర లేదు, తాగుడు లేదు, ఇంట్లో గొడవలూ లేవు. స్టీరింగులు పోయాయి, డ్రైవర్లు పోయారు, కూడళ్ళలో ఎర్రదీపాలు పోయాయి. ఇన్నేళ్ళలో రోడ్డు మీద ఒక్క ప్రాణం పోలేదు. ఇంకొకటి కూడా పోయింది గానీ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రోడ్డు దాటడం అనే పని పోయింది. నడవడం ఒక్కటే మిగిలింది, అది ఇంట్లో అయినా ఒకటే, బందరు రోడ్డు మీద అయినా ఒకటే.

హైమకు యాభై ఒక్క ఏళ్ళు. ఆటోనగర్‌లో పరుగుపెట్టెలకు సీట్లు కుడుతుంది. ఎన్ని తెలివితేటలు వచ్చినా మనిషి కూర్చోక తప్పదు కాబట్టి ఆ వృత్తి బతికిపోయింది. ఆమె తండ్రి గురునాథం వృత్తికి ఆ అదృష్టం లేదు. ఆయనది డ్రైవింగ్ స్కూలు. దారినాడి వచ్చిన ఏడాదే దానికి తాళం పడింది. పిల్లలకు పాఠం చెప్పిన నల్ల ఫియట్ కారును ఆయన షెడ్డులో పెట్టి టార్పాలిను కప్పాడు. నిరుడు ఆయన పోయాక టార్పాలిను తీసి చూస్తే కారుకు తుప్పు, ఎలుకల కాపురం, ఇంజను నిండా జిడ్డు మట్టి.

అప్పుడే ప్రభుత్వం ఒక కట్టుబాటు తెచ్చింది. చేత్తో తిప్పి నడిపే పాత కార్లను జనం తిప్పుడుబళ్ళు అంటారు. మ్యూజియం సరుకైన అలాంటి కార్లు ఉన్నవాళ్ళు ఈ దసరాలోపు రెండింటిలో ఒకటి తేల్చుకోవాలి. బాగుచేయించి తోవపరీక్షలో నెగ్గితే రోడ్డు మీద తిప్పుకోవచ్చు. లేదంటే ఇంజను ఊడదీయించి, ఎవరైనా సేకరణదారుకు అమ్మేయాలి. హైదరాబాదులో పురుషోత్తం అనే ఆయన పాతకార్ల ప్రదర్శనశాల నడుపుతున్నాడు. ఆయన అప్పటికే మూడుసార్లు కబురు పెట్టాడు. గోడకు తగిలిస్తే భలే ఉంటుందని ఆయన ఉద్దేశం.

అమ్మేద్దామనే హైమ మొదట అనుకుంది. అయితే ఇంజను మొదటిసారి అంటుకున్న రోజున, షెడ్ల వెనక ఎవరూ తిరగని సందులోకి కారును తీసింది. సందు చివర దారి రెండుగా చీలుతుంది. ఎడమకు తిప్పాలనిపించింది, తిప్పింది. కారు తిరిగింది. పద్నాలుగో ఏట నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్న చేతులు ఏదీ మరిచిపోలేదు. ముప్పై ఏళ్ళుగా దారినాడి ఎటు తీసుకెళితే అటు పోయిన మనిషి, తనకై తాను ఒక మలుపు తిరిగింది. ఆ చీలిక దగ్గరే కారు ఆపి కాసేపు ఏడ్చింది. అప్పటి నుంచి అమ్మడం అనే మాట ఆమె నోట రాలేదు. భయం మాత్రం అప్పుడే మొదలైంది.

ఈ రోజు పదింటికి పరీక్ష. సాయంత్రానికల్లా ఏదో ఒకటి తేలిపోతుంది. ఓడితే కారును తీసుకుపోవడానికి పురుషోత్తం బండి వేసుకుని మరీ వస్తానన్నాడు.

షెడ్డులో నాగుల్‌మీరా కారుకు ఆఖరి తుడుపు తుడుస్తున్నాడు. ఎనభై మూడేళ్ళవాడు. ఆటోనగర్‌లో మెకానిక్ అన్నవాడు ఇంక ఆయనొక్కడే. కొడుకులు వద్దంటున్నా వినకుండా ఏడు నెలల పాటు ప్రతి నట్టూ కిరోసిన్‌లో కడిగి బిగించాడు. చేతులు వణుకుతాయి గానీ, పానా పట్టుకుంటే ఆ వణుకు ఎటు పోతుందో పోతుంది. హైమ వాళ్ళ నాన్నకు ఆయన తమ్ముడి లెక్క.

పరీక్షలో కారుకు ఒక ఉనికిబిళ్ళ తగిలిస్తారు. ఇదుగో ఇక్కడ ఒక బండి ఉందని అది దారినాడికి చెబుతూ ఉంటుంది, పరుగుపెట్టెలన్నీ పక్కకు తప్పుకుంటాయి. అంతకు మించి ఏ తీగా తగిలించకూడదు, పాతది పాతగానే ఉండాలని నిబంధన. కంటిపట్టీ కూడా లేదు. ఆ సంగతి మీరా గొప్పగా చెప్పుకున్నాడు.

హైమ తన భయం ఆయనకు చెప్పడానికి ప్రయత్నించింది. జనం చూసుకోవడం లేదు బాబాయ్, అంది. ఆయన నవ్వి, చూసేది నువ్వు కదా అన్నాడు. హారన్ నొక్కి చూపించమన్నాడు, ఏడు నెలల్లో అదొక్కటే సరిగ్గా పలకలేదని. ఆమె వద్దంది. హారన్ నొక్కితే వీధంతా ఇక్కడే ఉంటుంది. ఇప్పుడు బళ్ళకు చప్పుడు లేదు. హారన్ అన్నది పెళ్ళి ఊరేగింపుల్లోనూ ఆయుధపూజకు కట్టే పూలబళ్ళలోనూ మాత్రమే మోగుతుంది. సన్నాయికి ఉన్నంత మర్యాద దానికీ ఉంది. బండి ముందుకు ఎవరు పరిగెత్తి వస్తే వాళ్ళకు పైనుంచి జీళ్ళు, మరమరాల ఉండలు విసురుతారు. ఇది ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తు లేదు, పిల్లలకు మాత్రం ఇది తప్ప ఇంకో సంగతి తెలియదు.

పరీక్షాధికారి మేదిని పదింటికి వచ్చింది. ఇరవయ్యారేళ్ళ పిల్ల, మర్యాదస్తురాలు. తిప్పుడుబండి ఎక్కడం ఇదే మొదటిసారని సంబరంగా చెప్పింది. చేతిలో పలక ఉంది, దారినాడి చూస్తున్నదంతా అందులో కనిపిస్తుంది. షెడ్డు నుంచి బందరు రోడ్డు మీదుగా పటమట వరకు వెళ్ళి, అదే దారిన వెనక్కి రావాలి. షెడ్డు ముందు గీసిన తెల్లగీత దాటితే గమ్యం చేరినట్టు. ఇంకో బండికి అడ్డుపడకూడదు, ఏ గోడకూ స్తంభానికీ తగలకూడదు. నిష్కారణంగా ఆగడం మూడుసార్లు మించితే పరీక్ష తప్పినట్టేనని మేదిని వివరించింది. మీరా బిస్మిల్లా అనగానే హైమ తన దేవుణ్ణి తాను తలుచుకుని గేరు వేసింది.

ఆటోనగర్ గేటు దాటకముందే మొదటి మనిషి అడ్డం వచ్చింది. తలమీద ఆకుకూరల గంప ఉన్న అవ్వ. సరిగ్గా కారు ముందు, కారును చూడకుండా, ఎవరితోనో కబుర్లాడుతూ నడిచిపోయింది. హైమ బ్రేకు తొక్కింది. అవ్వ పోయేదాకా కారు ఆగింది. మేదిని పలక మీద ఏదో గీసి, ఎందుకు ఆగారండీ అని అడిగింది. అవ్వ అని హైమ చూపించింది. మేదిని పలకను చూసింది. అక్కడ రోడ్డు ఖాళీగా ఉంది. దారినాడి నడిచేవాళ్ళను లెక్క పెట్టదు, అది పాత కట్టుబాటు. ఎవరెక్కడికి నడుస్తున్నారో రాసిపెట్టుకోవడానికి వీల్లేదని అప్పట్లో జనమే పోరాడి సాధించుకున్నారు.

"నిష్కారణ విరామం ఒకటి," అంది మేదిని నొచ్చుకుంటూ.

బందరు రోడ్డు మీద హైమ అరచేతిలోకి ప్రాణాలు వచ్చాయి. తన ప్రాణాలు కావు. పరుగుపెట్టెలు చెప్పినట్టే తప్పుకుంటున్నాయి, అవి ఎంత దగ్గరగా వచ్చినా ఆమెకు బెదురు లేదు. భయమంతా మనుషులతోనే. వాళ్ళు అన్నివైపుల నుంచీ వస్తున్నారు. ఒకడు వెనక్కి నడుస్తూ స్నేహితుడికి చేతులూపుతున్నాడు. ఒకావిడ రోడ్డు మీద కూర్చుని పిల్లాడికి చెప్పులు తొడుగుతోంది. వాళ్ళ ముఖాల్లో ఎక్కడా జంకు లేదు, కారు వైపు తిరిగే చూపు లేదు. చేతిలో పదును కత్తి పెట్టుకుని కళ్ళు మూసుకున్న జనంలో తిరుగుతున్నట్టు ఉంది ఆమెకు. చెమటకు స్టీరింగు జారుతోంది. చెప్పులు తొడుగుతున్న ఆవిడ కోసం రెండోసారి ఆగింది. పటమట దగ్గర వెనక్కి తిరిగేటప్పుడు ఇద్దరు ప్రేమికుల కోసం మూడోసారి ఆగింది.

మూడూ అయిపోయాయి. ఇక ఒక్కసారి ఆగినా కారు గోడెక్కుతుంది. ఆ మాట మేదిని పైకి అనలేదు గానీ, పాపం ఆమెకూ పాస్ చేయాలనే ఉంది. హైమకు ఏం చేయాలో తెలిసింది. మెల్లగా పోవాలి, ఎవరి కోసమూ ఆగకూడదు, మనుషుల మధ్య సందులు చూసి తిప్పుకుంటూ పోవాలి. అలాగే వచ్చింది. ఆ మైలున్నర దూరం ఆమె ఊపిరి తీసుకుందో లేదో ఆమెకే గుర్తు లేదు. ఆటోనగర్ గేటు లోపలికి వచ్చేసరికి ఒళ్ళంతా తడిసిపోయింది. షెడ్డు కనిపించింది. తెల్లగీత అవతల మీరా రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. ఆ ఆనందంలో ఆమె కాలు యాక్సిలరేటరు మీద కొంచెం బరువుగా పడింది.

పునుగుల బండి పక్క నుంచి ఆరేళ్ళ పిల్ల రోడ్డు మీదికి నడిచింది. బండి స్వరాజ్యానిది, పిల్ల ఆమె కూతురు నీలు. చేతిలోని పొట్లంలోంచి పునుగు తీసి ఊదుకుంటూ నడుస్తోంది.

హైమ హారన్ నొక్కింది. దాని సంగతి ఆమెకు తెలియక కాదు. పొద్దున తనే వద్దంది. కానీ ఆ క్షణంలో ఆ చెయ్యి యాభై ఏళ్ళ మనిషిది కాదు, నాన్న పక్కన కూర్చున్న పద్నాలుగేళ్ళ పిల్లది. ఎవరైనా అడ్డమొస్తే ముందు హారన్ కొట్టాలని ఆయన నేర్పాడు. అడ్డమొచ్చినవాళ్ళు పక్కకు తప్పుకునే కాలంలో నేర్పాడు.

నీలు తలెత్తింది. ముఖం వెలిగిపోయింది. పొట్లం పారేసి, రెండు చేతులూ చాచి, కారుకు ఎదురుగా పరిగెత్తుకొచ్చింది. అటువైపు షెడ్లలోంచి ఇంకో నలుగురు పిల్లలు బయటికి ఉరికారు.

హైమ రెండు కాళ్ళతోనూ బ్రేకు మీద నిలబడింది. చక్రాలు ఆగాయి గానీ కారు ఆగలేదు, తారు మీద ఈడ్చుకుంటూ పోయింది. రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఆ జారుడులో ఆమెకు నీలు ముఖం తప్ప లోకంలో ఇంకేమీ కనిపించలేదు. అందులో అంత నమ్మకం ఉంది. ఇంజను కొట్టుకుని ఆగిపోయింది. బానెట్ మీద రెండు చిన్న అరచేతులు ఆనాయి. బంపరు ఆ పిల్ల గౌను అంచును తాకుతోంది.

"పెద్దమ్మా, జీళ్ళేయి?" అని నీలు అడిగింది.

పునుగుల బండి దగ్గర నుంచి స్వరాజ్యం చూసి నవ్వింది. మళ్ళీ మూకుడు వైపు తిరిగి పునుగులు తిప్పుకుంది. పిల్లలు కారు చుట్టూ చేరి జీళ్ళకోసం గోల చేశారు. ఆ వీధిలో భయపడిన మనిషి హైమ ఒక్కతే.

మేదిని పలకను ఆమె ముందు పెట్టింది. కారు ముందు చక్రాలు తెల్లగీతను మూరెడు దాటి ఆగాయి. అందువల్ల ఆ ఆగడం విరామం కింద రాలేదు, గమ్యం చేరిక కింద వచ్చింది. అన్ని గళ్ళలోనూ పచ్చరంగు. రాష్ట్రంలో పాసైన మొదటి తిప్పుడుబండి ఇదేనని, ఇంకో పదకొండు కార్లు ఈ ఫలితం కోసమే ఆగి ఉన్నాయని, రేపటి నుంచి వాటికీ వరసగా అనుమతులు వస్తాయని మేదిని సంతోషంగా చెప్పింది. మీరా ఏడుస్తూ కారును ముద్దు పెట్టుకున్నాడు.

పిల్ల సంగతి రాయమని హైమ అడిగింది. మేదిని నిజాయితీగానే వెతికింది. ఎదుటి బండి, పక్క బండి, గోడ, స్తంభం. మనిషికి గడి లేదు.

"మనుషుల్ని కంటిపట్టీలు చూసుకుంటాయి కదండీ," అంది.

"దీనికి కంటిపట్టీ లేదమ్మా. నేనే దీని కన్ను. నేను చూశాను, అయినా ఆగలేదు. గీత దాటాక ఆగింది."

మేదిని కారు ముందుభాగం వైపు కాసేపు చూసింది. తర్వాత చాలా మామూలుగా, తెలుసుకుందామనే ఉద్దేశంతోనే అడిగింది.

"తగిలితే ఏమవుద్దండీ?"

రోడ్ల శాఖలో ఉద్యోగం చేస్తున్న పిల్ల ఆ మాట అడిగితే హైమకు ఒళ్ళు జలదరించింది. ఆమె చిన్నప్పుడు దానికి జవాబు రోడ్డు మీద దుప్పటి కప్పి ఉండేది.

పురుషోత్తం మధ్యాహ్నమే దిగాడు. సంగతి అప్పటికే ఆయనకు తెలిసిపోయింది. ఇప్పుడు ఇంజను ఊడదీయాల్సిన పని లేదని, నడుస్తున్న కారునే ఇమ్మని అడిగాడు. విజయదశమికి బందరు రోడ్డు మీద పన్నెండు తిప్పుడుబళ్ళతో ఊరేగింపు తీస్తాడట. ముందు ఈ నల్ల ఫియట్, దాన్ని తన కొడుకు నడుపుతాడు, వెనక ఆ పదకొండూ. హారన్లు మోగించుకుంటూ, జీళ్ళు విసురుకుంటూ. ఆ మాట చెబుతుంటే ఆయన కళ్ళు మెరిశాయి. చెడ్డవాడేమీ కాదు, పిల్లలు సంబరపడతారని మనసారా అనుకుంటున్నాడు.

కొడుకు ఎన్నాళ్ళ నుంచి నడుపుతున్నాడని హైమ అడిగింది. నెల్లాళ్ళ నుంచి ప్రదర్శనశాల ఆవరణలో తిప్పుతున్నాడని ఆయన చెప్పాడు. హైమ అమ్మనంది. పొద్దున్న జరిగింది దాచకుండా చెప్పి ఊరేగింపు వద్దని బతిమాలింది. ఆయన ఆమెను ఓదార్చాడు. పాప క్షేమంగానే ఉంది కదా, దారినాడి ఒప్పుకోనిదే ప్రభుత్వం అనుమతి ఇస్తుందా అన్నాడు. ఈ కారు లేకపోతే పదకొండుతోనే తీస్తానని, ఆమె మనసు మారితే కబురు చేయమని చెప్పి, పునుగులు తిని వెళ్ళిపోయాడు.

హైమ ఆ సాయంత్రమే రోడ్ల శాఖకు వెళ్ళింది. అక్కడ ఆమె మాట శ్రద్ధగానే విన్నారు. ప్రమాదం జరిగిందా అంటే లేదంది. ఎవరికైనా దెబ్బ తగిలిందా అంటే లేదంది. అయితే ఫిర్యాదు ఏమని రాయాలని వాళ్ళు ఆమెనే అడిగారు. జనానికి భయం లేదని రాయమంది. రాసుకున్న గుమాస్తా నవ్వు ఆపుకోవడానికి కష్టపడ్డాడు. దసరాకు ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వచ్చి మీరాతో అంతా చెప్పింది. కారును అమ్మను, నడపను కూడా అంది. ఏడు నెలల కష్టం అలా రెండు ముక్కల్లో తీసిపారేస్తే ఎవరికైనా కోపం వస్తుంది. ఆయన పానా విసిరికొట్టి, కారుకు వీపు ఆనించి కూలబడ్డాడు. హైమకు ఆయన ముఖం చూడటం కష్టంగా ఉంది.

చివరికి ఆయనే అన్నాడు. "మా అమ్మ నన్ను రోడ్డు దాటించేటప్పుడు రెక్క ఊడొచ్చేట్టు లాగేది. నొప్పికి ఏడ్చేవాణ్ణి. ఇప్పుడు ఏ తల్లీ అట్టా లాగట్లేదు. నేను గమనించనే లేదు చూడు."

"వాళ్ళకి ఎవరు చెప్పాలి బాబాయ్?"

"చెబితే వింటారా? నిప్పు కాలుద్దని చెబితే విన్నావా నువ్వు? ముట్టుకున్నాకే గదా తెలిసింది."

షెడ్డు బయట దసరా గుమ్మడికాయలు దింపుతున్నారు. ఆయుధపూజ నాడు బళ్ళ ముందు దిష్టి తీసి నేలకేసి కొట్టే బూడిద గుమ్మడికాయలు, పసిపిల్ల తలంత ఉన్నాయి. హైమ వాటి వైపు చూసింది. తనకు వచ్చిన ఆలోచనకు తనే అదిరిపడింది. పసిపిల్ల మీద ఇంత పని చేయొచ్చా అని తనను తాను తిట్టుకుంది. తర్వాత ఊరేగింపు తలుచుకుంది, లేచి వెళ్ళి ఒక కాయ తెచ్చింది. మీరా ఏమీ అడగలేదు. పానా వెతికి తెచ్చుకుని, బ్రేకులు మళ్ళీ ఒకసారి చూసి ఇచ్చాడు.

కారు చూపిస్తానంటే స్వరాజ్యం మహా సంతోషంగా కూతుర్ని పంపింది. షెడ్డు వెనక సందులో హైమ నీలును గోడ వారగా నిలబెట్టి, చెయ్యి మీరాకు అప్పగించింది. గుమ్మడికాయను దారి మధ్యలో పెట్టింది. పిల్లే ముచ్చటపడి దానికి కుంకుమ బొట్టు పెట్టింది, కళ్ళు, నోరు కూడా గీసింది.

"దీన్ని చూసి బండి ఆగుద్దా?" అని హైమ అడిగింది.

"ఆగుద్ది," అంది నీలు, అది కూడా తెలియదా అన్నట్టు.

హైమ కారెక్కి కొంచెం వెనక్కి పోయి, నిన్న వీధిలో వచ్చినంత వేగంతోనే వచ్చింది. ఆఖరి క్షణంలో నిన్నటిలాగే బ్రేకు మీద నిలబడింది. ముందు చక్రం కింద పెద్ద చప్పుడయింది. గింజలూ గుజ్జూ గోడదాకా చిమ్మాయి, నీలు గౌను మీద కూడా పడ్డాయి. కారు దాని మీది నుంచి పోయి బారెడు అవతల ఆగింది.

పిల్ల నవ్వలేదు. మీరా చేతిని వదిలించుకుని దగ్గరికి వచ్చి చూసింది. బొట్టు పెట్టిన ముక్క ఒకటి విడిగా పడి ఉంది. దాన్ని చేత్తో ఎత్తి చాలాసేపు చూసింది. కారు దిగి వచ్చిన హైమను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"కాయ ఉందని బండికి ఎవరూ చెప్పలేదా?"

"దీనికి ఎవరూ చెప్పలేరమ్మా. నేను చూశాను. చూసినా ఆపలేకపోయాను."

నీలు ఆ ముక్కను కింద పెట్టింది. నిన్న తన అరచేతులు ఆనిన బానెట్ వైపు చూసింది. ఏమి లెక్క వేసుకుందో, రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. హైమ దగ్గరికి తీసుకోబోతే రానివ్వలేదు. గబగబా షెడ్డులోంచి వీధి వైపు పరిగెత్తింది.

వీధి అంచు దాకా వచ్చి ఠక్కున ఆగిపోయింది. అవతల తల్లి పునుగుల బండి ఉంది. మధ్యలో పరుగుపెట్టెలు పోతున్నాయి, మనుషులు నడుస్తున్నారు. వెనక నుంచి వచ్చే వాళ్ళు, దారిలో ఇలా ఊరికే నిలబడిందేమిటని విసుక్కుంటూ పిల్లను తప్పించుకుని పోతున్నారు. నీలు ఒకవైపు చూసింది, రెండోవైపు చూసింది, మళ్ళీ మొదటివైపు చూసింది. కాలు ముందుకు పడలేదు.

స్వరాజ్యం చూసి, రావే అని పిలిచింది. పిల్ల కదలకపోయేసరికి చేతులు చెంగుకు తుడుచుకుంటూ, ఏ వైపూ చూడకుండా తనే రోడ్డు మీదికి వచ్చింది.

"అమ్మా, రాకు!"

ఆ అరుపుకు వీధిలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. స్వరాజ్యం నడిరోడ్డు మీద బిత్తరపోయి నిలబడింది. పరుగుపెట్టెలు ఎప్పటిలాగే ఆమెకు రెండు పక్కలా చీలి పోయాయి. పిల్ల రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. తల్లి ఇవతలికి వచ్చి ఎత్తుకుని మళ్ళీ రోడ్డు మీదికి అడుగు వేయబోతే, నీలు కాళ్ళు తన్నుకుని, తల్లి జుట్టు పట్టుకుని, గొంతు చించుకుని ఏడ్చింది. స్వరాజ్యం ఎంత బుజ్జగించినా పిల్ల దిగలేదు, తల్లిని రోడ్డు మీదికి పోనివ్వలేదు. పిల్ల గౌను మీది గుజ్జు చూసి ఆమె, వెనకే వచ్చిన హైమ వైపు తిరిగింది.

"ఏం చేశావక్కా నా పిల్లని? నిన్నటిదాకా బంగారంలా తిరిగేది. ఏం చేశావు?"

అలాంటి ఏడుపును హైమ చివరిసారి తన చిన్నతనంలో విన్నది. నీలుకు అంత భయం పెట్టినందుకు గుండె తరుక్కుపోతోంది. అయినా ఆ ఏడుపు ఆగకూడదని, కనీసం ఊరేగింపు దాకా, ఇంకో ఎనిమిది రోజులైనా ఆగకూడదని ఆమె అందరు దేవుళ్ళకూ మొక్కుకుంది. అరుపు విని షెడ్లలోంచి పిల్లలు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. ఏమయిందో చూద్దామని, ఏ వైపూ చూడకుండా, రోడ్డుకు అడ్డంపడి నడిచి వస్తున్నారు.